గొంతు పూడిన కొండ

ఉలిపాడుకు ఉత్తరాన కెంపుకొండ ఉంది. పొద్దు పొడిచేటప్పుడు దాని నెత్తి దానిమ్మగింజ రంగులో ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ ఇత్తడి రంగుకు తిరుగుతుంది. నడుము చుట్టూ వెదురు పొదలు, ఆ పొదల్లో నెమళ్ళ గుంపులు, వంపు వంపుకూ ఉడుకునీటి ఊటలు, ఊటల అంచున పసుపు పూసినట్టు గంధకపు చారలు. కుంభినీ రాజ్యపు ఆస్థాన కవులు ఈ కొండ మీద పద్యాలు కట్టి శాలువాలు కప్పించుకున్నారు. వాళ్ళలో ఒక్కడూ కొండ ఎక్కిన పాపాన పోలేదు. ఎక్కి ఉంటే, శాలువాలు అక్కడే పారేసి కిందికి పరుగెత్తేవాళ్ళు.

ఆ ఉదయం ఇద్దరు సున్నం అమ్మేవాళ్ళు రెండు గాడిదలను తోలుకుంటూ ఉలిపాడులోకి వచ్చారు. ఒక గాడిద మీద సున్నపు బానలు, రెండో దాని మీద నీళ్ళు నింపిన తోలు తిత్తులు. ఇద్దరిలో పొడుగువాడు సింగన, ఇదే ఊరి రాతిపనివాడు, ముప్పై ఏళ్ళవాడు. పన్నెండేళ్ళ కిందట పొరుగూరి పనికి పోయి, నాన్న కనబడకుండా పోయాడని అక్కడే విని, ఇంటికి రాకుండానే ఆయనను వెతుక్కుంటూ వెళ్ళాడు. తలపాగా చెవుల దాకా దించుకుని, మూతికి బొగ్గు మీసం పెట్టుకున్న రెండోవాడు అసలు మగవాడే కాదు. ఆమె కుంభినీ రాకుమారి కువలయ. దారి పొడవునా సింగన ఆమెను కుప్పన్నా అని పిలుస్తున్నాడు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతోంది.

మారువేషాలెందుకో చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట భస్మకంఠుడనే మాంత్రికుడు రాజు దగ్గరికి వచ్చి, కెంపుకొండ నోరు పూడిస్తే రాజ్యానికి నిప్పు భయం ఉండదని నమ్మించాడు. రాజు సంతోషించి ఆ కొండను అతనికే రాసిచ్చాడు. అసలు సంగతి వేరు. పన్నెండేళ్ళు ఊపిరాడకుండా బిగించిన నిప్పు, కొండ కడుపులో ఒక అగ్నిమణిగా గట్టిపడుతుంది. గడువు తీరిన నాటి మధ్యాహ్నం కొండ బద్దలై ఆ మణి బయటపడుతుంది. దాన్ని పట్టుకున్నవాడికి ఎదురు లేదు. కొండ బద్దలైతే కింద ఉన్న ఉలిపాడు, అందులోని మూడు వందల గడపలు ఏమవుతాయన్నది మాంత్రికుడి లెక్కలో లేదు. మాంత్రికుడి నోటి నుంచే ఈ మాటలు చాటుగా విన్న కువలయ తండ్రికి చెప్పింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె నవ్వలేదు, కొండ నోరు పూడ్చిన పనివాడి కొడుకే దాన్ని తెరవగలడని గుర్రమెక్కి పరదేశాల్లో రాళ్ళు కొట్టుకుంటున్న సింగనను వెతికి పట్టుకుంది. మాంత్రికుడి వేగులు పసిగట్టకుండా ఉండేందుకే ఈ వేషాలు.

ఆ గడువు తీరేది ఈ మధ్యాహ్నమే. ఊళ్ళోవాళ్ళను తప్పిద్దామంటే కనుమ దగ్గర మాంత్రికుడి భటులు కాపలా ఉన్నారు. లోపలికి ఎవరినైనా పోనిస్తారు, బయటికి పిల్లిని కూడా రానివ్వరు.

సింగన నేరుగా తన అవ్వ కామసాని ఇంటికి వెళ్ళాడు. తానెవరో చెప్పకుండా, సున్నం బేరం మీద మాట కలిపి, నాన్న కొండ మీద చేసిన పని గురించి ఆరా తియ్యాలని దారిలో వంద సార్లు అనుకున్నాడు. తీరా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే వంగి, గడపరాయిని వేలి కణుపులతో మూడు సార్లు తట్టి ఆగింది.

ఉలిపాడు వాళ్ళ అలవాటు అది. ఏ రాతి మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు మూడు సార్లు తట్టి, ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగాలి. దాన్ని రాతిని పలకరించడం అంటారు. పలకరించకుండా ఉలి పెట్టినవాడికి ఆ రోజు కూడు పెట్టరు. గడప దాటాలన్నా అంతే, ఎవరి తట్టు ఎవరిదో ఇంట్లోవాళ్ళకు చెవికే తెలుస్తుంది.

లోపల పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతున్న ముసలామె వెనక్కి తిరగలేదు.

"శానా ఆలస్యం చేసినావు లేరా సింగా. కాళ్ళు కడుక్కో" అంది.

వెనక నిలబడ్డ కువలయకు నవ్వాగలేదు. మూడు రాజ్యాల వేగులవాళ్ళ కళ్ళు కప్పిన మారువేషం మూడు తట్లకు ఊడిపోయింది. సింగన మాత్రం నవ్వలేదు. గడప మీదే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ రాగిసంగటి వాసన, ఆ పొగ, గోడకు ఆనించిన సమ్మెటలు, చూరులో దోపిన అవ్వ సున్నపు కాయ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పన్నెండేళ్ళలో ఏ ఊళ్ళో తిన్నా, ఎక్కడ పడుకున్నా అతని ప్రాణం ఈ నాలుగు గోడల మధ్యే తిరిగింది.

కన్నీళ్ళు తుడుచుకుని చూస్తే ఒక్కటి మాత్రం మారింది. పొయ్యికి రెండు రాళ్ళే ఉన్నాయి. మూడోదాని చోట ఒక పగిలిన కుండపెంకు ఆనించి ఉంది.

ఉలిపాడులో ఏ ఇంటి పొయ్యికైనా మూడు రాళ్ళూ మూడు పుట్టుకలవి ఉండాలి. ఒకటి నిప్పు బిడ్డ, ఒకటి నీటి బిడ్డ, ఒకటి మారిన బిడ్డ. సింగనకు ఈ పాఠం చెప్పింది అతని నాన్న బొప్పన. గనిలో మధ్యాహ్నం అంబలి తాగి, తమలపాకు దవడన పెట్టుకుని, మూడు రాళ్ళు కొడుకు ముందు పేర్చేవాడు. భూమి లోతుల్లో రాయి కూడా బెల్లం పాకంలా కరుగుతుందని, కరిగినది తేలికై పైకి దారి వెతుక్కుంటుందని చెప్పేవాడు. పైకి రాకుండా లోపలే ఉండిపోయి వేల వేల ఏళ్ళు మెల్లగా చల్లారితే పెద్ద పెద్ద పలుకులు కట్టి నల్లసేనపు రాయి అవుతుంది. కొండ నోటి గుండా బయటపడి గబగబా చల్లారితే పలుకు కంటికి ఆనని నల్లరాయి అవుతుంది. ఇంకా తొందరపడితే గాజు. ఇవన్నీ నిప్పు బిడ్డలు. ఏరు మోసుకొచ్చిన ఇసుక, బురద, చచ్చిన నత్తల గుల్లలు పొర మీద పొరగా పేరుకుని బరువుకు బిగిస్తే ఇసుకరాయి, నాపరాయి. అవి నీటి బిడ్డలు. ఈ రెండు రకాల్లో ఏదైనా మళ్ళీ లోతుకు కూరుకుపోయి, కరగకుండా, వేడికీ బరువుకూ నలిగి ఒళ్ళు మార్చుకుంటే అది మారిన బిడ్డ. దాని గురించి చెప్పేటప్పుడు బొప్పన గొంతు తగ్గించేవాడు. మారిన రాయి తన పాత సంగతి మరిచిపోదట. ఒళ్ళంతా చారలు చారలుగా దాచుకుంటుందట.

ఇంకో పాఠం బొప్పన చెప్పకుండానే సింగనకు వచ్చింది. ఏడేళ్ళప్పుడు ఏట్లో నున్నటి గుండ్రాయి ఒకటి ముచ్చటపడి తెచ్చి, తడి ఆరకుండానే పొయ్యికి పెట్టాడు. సంగటి ఉడికే లోపు రాయి పేలి కుండ పగిలింది, సింగన కనుబొమ్మ చిట్లింది. బొప్పన కొట్టలేదు. గాయానికి పసుపు అద్దుతూ ఒక్క మాట అన్నాడు.

"రాతిలో నీళ్ళు దాక్కోనుంటాయిరా. కాగితే ఆవిరై దోవ అడుగుతాయి. దోవ ఇయ్యకపోతే ఇల్లు పగలగొట్టుకోని పోతాయి."

అంత తెలిసినవాడు కొండ నోరు ఎలా పూడ్చాడు? అవ్వ సంగటి ముద్దలు చేతిలో పెడుతూ చెప్పింది. భస్మకంఠుడు ఊళ్ళోకి వచ్చి బతిమాలలేదు, బెదిరించలేదు. వెంట్రుక దూరని అతుకు పెట్టగలిగినవాడు ఉలిపాడులో ఒక్కడూ లేడటగా అని రచ్చలో నవ్వి వెళ్ళిపోయాడు. రాతిపనివాడిని పడగొట్టడానికి ఆ మాట చాలు. మరుసటి పొద్దున్నే బొప్పన సమ్మెట భుజాన వేసుకుని కొండ ఎక్కాడు. పదకొండు రోజులు ఒళ్ళు మరిచి పని చేశాడు. ఆవిరి సన్నగా పోవడానికి కూడా సందు లేకుండా నల్లసేనపు దిమ్మలు ఒకదాన్నొకటి కరిచిపట్టేలా అతికాడు. పదకొండో రాత్రి ఇంటికి వచ్చి ముద్ద నోట పెట్టుకుంటుండగా, పొయ్యి మీద సంగటి గుడుక్కుమని ఎగిరి చేతి మీద పడింది. అంబలి పలచన, బుడగలు వచ్చి ఊరికే పోతాయి. సంగటి చిక్కన, మూత పెడితే చిమ్ముతుంది. బొప్పన ముద్ద కింద పెట్టేశాడు.

"నేను పిచ్చి పని చేసినానమ్మా అన్నాడు" అంది అవ్వ. "పొద్దున లేసి, పొయ్యిలోంచి ఆ నాపరాయి పెరుక్కోని పోయినాడు. ఆఖరి రాయి ఇదే పెడతా అన్నాడు. మళ్ళా రాలేదు."

ఊరు బొప్పన పారిపోయాడంది. కామసాని ఎవరితోనూ వాదించలేదు. కొడుకు తెచ్చి పెడతాడని ఆ చోట ఇంకో రాయి పెట్టకుండా, పన్నెండేళ్ళు కుండపెంకు మీదే వండింది. సింగన తింటున్న ముద్ద కింద పెట్టేశాడు. అప్పటిదాకా కొండ నోరు ఎలా తెరవాలో అతనికి తెలియదు. ఇప్పుడు తెలిసింది. నిప్పు మీద పన్నెండేళ్ళు కాలిన నాపరాయి ఇంకా రాయిగా ఉండదు, సున్నమవుతుంది. సున్నం మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో తాంబూలం వేసుకునే ప్రతి ముసలమ్మకూ తెలుసు.

బయలుదేరేటప్పుడు అవ్వ కువలయ మీసం వంక చూసి, చెమటకు కారిపోతోంది తుడుచుకోమ్మా అంది.

కొండ అడుగున భటుడు అడ్డం వచ్చాడు. సున్నం పైకెందుకని అడిగాడు. కుప్పన్న గొంతు బొంగురు చేసి, మాంత్రికులవారు ఆకు వేసుకోవద్దా, సున్నం లేని ఆకు నువ్వే నములు పో అంది. భటుడు బిక్కచచ్చి దారి ఇచ్చాడు. గాడిదలు మాత్రం కొండ గుర్రుమంటున్న చప్పుడు విని కదలమని మొరాయించాయి. రెండు తిత్తులు సింగన భుజానికెత్తుకున్నాడు. ఒక సున్నపు సంచి కువలయ నడుముకు కట్టుకుంది. జాము పొద్దెక్కింది.

సగం కొండ మీద గంధకపు మడుగు అడ్డంగా ఉంది. ఎంత అందమైన మడుగో చెప్పనలవి కాదు. నెమలికంఠం రంగు నీళ్ళు, అంచున బంగారు గంధకపు పూత, పైన పలచటి ఆవిరి తెర, తెరలో చిన్న చిన్న హరివిల్లులు. అందులో వేలు పెడితే ఎముక మిగులుతుంది. చుట్టు తిరిగి వెళ్ళే దారిని మాంత్రికుడు బండలు దొర్లించి మూసేశాడు. కువలయ అక్కడే ఆగిపోయింది. సింగన ఒడ్డున ఉన్న మంచమంత బూడిదరంగు బండను తట్టి పలకరించి, రెండు చేతులతో ఎత్తి నీళ్ళలోకి విసిరాడు. బండ బుడుంగున మునిగి, మళ్ళీ పైకి తేలింది.

పాకం నురగగా ఎగిరి గాలిలోనే గట్టిపడితే ఇలాంటి రాయి పుడుతుంది, ఒళ్ళంతా గాలి గదులే, దీని పేరు తేలుడురాయి అని అతను చెబుతుండగానే ఆమె దాని మీదికి దూకింది. చదువు తరువాత చెప్పమంది. వెదురు గడలతో తోసుకుంటూ నడి మడుగుకు వచ్చేసరికి అడుగు నుంచి బుడగ ఒకటి లేచి బండను ఒక పక్కకు ఎత్తేసింది. ఒక తిత్తి జారి నీళ్ళలో పడింది. దాన్ని అందుకోబోయిన సింగనను కువలయ జుట్టు పట్టి వెనక్కి లాగింది. గడ ఒకటి విరిగింది. బండ అంచులు నానుతూ బరువెక్కుతున్నాయి. ఒడ్డు రెండు బారల దూరం ఉండగా ఇద్దరూ దూకి గాజురాళ్ళ మీద పడ్డారు. ఆ నల్ల గాజు మోకాళ్ళు కోసింది. ఇద్దరికీ మిగిలింది ఒక్క తిత్తి నీళ్ళు.

సూర్యుడు నడినెత్తికి ఇంకా నాలుగు జానల దూరంలో ఉన్నప్పుడు కొండ నెత్తికి చేరారు. అక్కడ మాంత్రికుడు కాపలాకు కట్టుకున్న చెక్క గుడిసె ఒకటి ఉంది, అందులో ఎవరూ లేరు. గుడిసె ముందు ఎద్దుల బండి తిరిగేంత వెడల్పున కొండ గొంతు. దాని మీద బొప్పన పని.

సింగన కాసేపు అన్నీ మరిచిపోయాడు. పదహారు దిమ్మలు తామరరేకుల్లా ఒకదానిలోకి ఒకటి ఒదిగి ఉన్నాయి. వెంట్రుక దూరదు. ఇంత గొప్ప పని అతను పన్నెండేళ్ళు తిరిగిన ఏ కోటలోనూ చూడలేదు. ఇంత తప్పు పని కూడా చూడలేదు. దిమ్మలు సన్నగా వణుకుతున్నాయి. మసి పట్టి అన్నీ ఒకే నలుపుగా ఉన్నాయి.

వంగి ఒక్కొక్కటే పలకరించాడు. నల్లసేనపు రాయి ఖంగుమంది. పక్కది ఖంగుమంది. పడమటి అంచున రెండు దిమ్మల మధ్య బిగించిన చీల దగ్గర చప్పుడు మారింది, మట్టికుండ మీద తట్టినట్టు డొల్లగా వచ్చింది. మసి తుడిచి చూస్తే అంచున చిన్న గాడి ఉంది. అయిదేళ్ళప్పుడు మొదటిసారి ఉలి పట్టి, అవ్వ చూడకుండా పొయ్యిరాతి మీద తాను కొట్టిన దెబ్బ అది. అప్పుడు చిటికెన వేలు పట్టేది. ఇప్పుడు ఆ వేలి కొస మాత్రమే పట్టింది. ఎన్ని వేల పొద్దులు ఈ రాతి మీద తన కూడు ఉడికిందో అనుకుని, అతను చెయ్యి తియ్యలేకపోయాడు.

చీల తలలో ఉలితో గుంట తొలవడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, నెత్తిన నీడ పడింది. ఏనుగంత రాబందు ఒకటి గుడిసె కప్పు మీద వాలి, రెక్కలు ముడిచి, మెడలో పుర్రెల దండ వేసుకున్న మనిషిగా మారింది. భస్మకంఠుడి గొంతు మాత్రం ఎంతో మెత్తన. కోపమన్నది లేకుండా, బంధువును పలకరించినట్టు మాట్లాడాడు.

"బొప్పన కొడుకువా. చెయ్యి చూస్తేనే తెలుస్తోంది. నీళ్ళు పోసే ముందు ఒక్కసారి పడమటి వాలు చూడు నాయనా."

పడమటి వాలు బూడిద గుట్టలతో నున్నగా దిగి, ఒక ఎండిపోయిన వంకలో కలుస్తోంది. ఆ వంక ఉలిపాడుకు ఎడంగా, బొప్పన పాత గని మీదుగా పోతుంది. వంక మొదట్లో ఒక నిలువురాయి ఉంది. మనిషంత ఎత్తు, మనిషి ఆకారం, మొహం కొండ వైపు.

పని పూర్తయిన రోజున బొప్పనను రాయిగా మార్చింది తానేనని భస్మకంఠుడు దాచలేదు. తాను కట్టిన పని ఎలా పగులుతుందో కళ్ళారా చూడనీ అని అలా నిలబెట్టాడట. కొండ తనంతట తాను బద్దలైతే దెబ్బంతా దక్షిణాన ఊరి వైపు పోతుంది, ఆ నిలువురాయికి నలుసు కూడా తగలదు. ఈ చీల తీస్తే నిప్పు పడమటికి పారి ముందు బొప్పన మీదే పడుతుంది.

"ఉలి కింద పెట్టు. మధ్యాహ్నం దాటాక మీ నాన్నను మనిషిగా నీ చేతికి అప్పగిస్తాను. పన్నెండేళ్ళు వెతికింది ఇందుకే కదా" అన్నాడు.

సింగన చెయ్యి ఆగింది. కొండ కింద ఉలిపాడు కనబడుతోంది. మూడు వందల పొయ్యిల పొగలో అవ్వ పొయ్యి పొగ ఏదో కూడా గుర్తుపట్టగలడు. ఇటు నాన్న. సూర్యుడు ఇంకొక్క జానెడు.  ఇందులో మాట అనడానికి తనకు హక్కు లేదని కువలయకు తెలుసు.

అతను మళ్ళీ ఆ గాడిలో వేలు పెట్టి చీలను తడిమాడు. పదహారు దిమ్మలున్నాయి, పదహారు అతుకులున్నాయి. తూర్పున పెట్టొచ్చు, దక్షిణాన పెట్టొచ్చు. నాన్న ఏరి ఏరి పడమటి అతుకులోనే పెట్టాడు. ఏ చీల తీస్తే నిప్పు ఎటు పారుతుందో, ఎవరి ఇల్లు మిగులుతుందో చూసుకునే పెట్టాడు. తన గని పోతుందని కూడా తెలిసే పెట్టాడు.

"మా నాయన యాడ దోవ పెట్టినాడో ఆడే తీస్తా" అని సింగన తిత్తి మూతి విప్పి గుంటలోకి వంచాడు.

భస్మకంఠుడు రాబందై అతని మీదికి దూకాడు. అంతవరకూ తన మీసం సంగతి కూడా మరిచిపోయి నిలబడ్డ కువలయ, నడుముకున్న సంచి విప్పి గుప్పెడు పొడి సున్నం ఆ కళ్ళలోకి కొట్టింది. రెండో గుప్పెడు కూడా కొట్టింది, మొదటిది మాంత్రికుడికి, ఇది కుప్పన్న అనే పేరుకు. పక్షి గుడ్డిగా రెక్కలు కొట్టుకుంటూ గుడిసెను గుద్దుకుని, తూర్పు లోయలోకి దొర్లింది.

గుంటలో నీళ్ళు మొదట ఊరికే ఇంకాయి. తరువాత సిస్సుమన్నాయి. చీల ఒళ్ళంతా నెరియలు వారి, ఉబ్బి, అటూ ఇటూ దిమ్మలను నెట్టింది. అవ్వ పొయ్యిరాయి తెల్లటి పొడిగా రాలి గొంతులోకి జారిపోయింది. ఆ సందులోంచి ఆవిరి ఈల వేసుకుంటూ లేచింది, పన్నెండేళ్ళు పట్టిన ఊపిరి ఒక్కసారి వదిలితే కొండంతా కుదుటపడ్డట్టయింది. తరువాత పడమటి దిమ్మ పక్కకు ఒరిగి, అగ్నిమణిగా గట్టిపడాల్సిన నిప్పు ఎర్రటి పాకమై అంచు మీదుగా తొంగిచూసింది. అది అంబలంత పలచన. సింగన వాలు వంక, కింద నిలువురాయి వంక చూశాడు. పలచన అయితే కొండ పగలదు, ఊరు బతుకుతుంది. కానీ పలచనది తొందరగా పారుతుంది.

గుడిసె తలుపు ఊడి పడి ఉంది. ఇద్దరూ గుడిసెకు కట్టిన తాడు ఊడబెరుక్కుని, ఆ తలుపు మీద కూర్చుని బూడిద వాలు మీదికి తోసుకున్నారు. తలుపు జారింది. రాకుమారి జీవితంలో మొదటిసారి కేక పెట్టింది. వెనక నిప్పు, ముందు బూడిద పొగ, మధ్యలో తలుపు ఒక గుట్ట మీద ఎగిరి ఇంకో గుట్ట మీద పడి, తలకిందులై, మళ్ళీ సర్దుకుని వంక మొదట్లో ఆగింది. పాకం పైన నల్లటి తోలు కడుతూ, తోలు పగిలి లోపలి ఎరుపు కారుతూ, వాలు మీద దిగి వస్తోంది. ఆ నల్లతోలే రేపటి నల్లరాయి. నిప్పు బిడ్డ పుట్టడం సింగన కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. తీరిగ్గా చూసే యోగం లేదు.

నిలువురాయి నల్లగా ఉంది, మొహం అరిగిపోయి పోలికలు తెలియడం లేదు. తెల్లటి చారలు ఒంటి నిండా అలలు అలలుగా ఉన్నాయి. కుడి భుజం మీద చార ఒకటి లోతుగా, వాలుగా దిగింది. మోకు మోసి మోసి బొప్పన భుజం మీద కాచిన కాయ సరిగ్గా అక్కడే ఉండేది. నిప్పు బిడ్డ కాదు, నీటి బిడ్డ కాదు.

సింగన చెయ్యెత్తి మూడు సార్లు తట్టి ఆగాడు. ఇప్పుడు కూడా పలకరింపులేనా అని కువలయ విసుక్కుంది. రాయి ఖంగుమని ఊరుకుంది, అంతే. మనిషి లేడు, మాట లేదు. నిప్పు ఇరవై బారల దూరంలో ఉంది, వేడికి కనుబొమ్మలు కమురుతున్నాయి. అతను తలుపును రాతి అడుగున చేర్చి, తాడు భుజానికి వేసుకుని, విరిగిన తలుపు కమ్మీని మీటగా దూర్చి కువలయ చేతికిచ్చాడు. తాను కేక పెట్టగానే ఎత్తమన్నాడు.

గనిలో రాయి కదిలించేటప్పుడు ఒకరు పిలుస్తారు, రెండోవాళ్ళు పలుకుతారు. ఆ కేక లేకుండా ఉలిపాడులో గులకరాయి కూడా కదలదు. చిన్నప్పుడు పిలుపు ఎప్పుడూ సింగనదే. పలికేది బొప్పన. దవడలో తాంబూలం ఉండటం వల్ల నాన్న పలుకు ఎప్పుడూ కొంచెం వెనకబడేది, అందుకు గనిలో అందరూ నవ్వేవాళ్ళు. పన్నెండేళ్ళుగా సింగన ఒంటరిగా రాళ్ళు కదిలించాడు, ఒక్కసారీ ఆ కేక పెట్టలేదు. పలికేవాళ్ళు లేక.

"కదలవే రాయీ" అని పిలిచాడు. గొంతు పగిలింది.

కువలయకు ఏం పలకాలో తెలియదు. ఆమె మీట మీద తన బరువంతా వేసి అతని వంక చూసింది. పాకం వంకలోకి దిగింది. అయిదు బారలు.

అప్పుడు, కొంచెం వెనకబడి, దవడన ఏదో ఉన్నట్టు ముద్దగా, రాతి లోపలి నుంచి పలుకు వచ్చింది.

"కదిలెనే తల్లీ."

సింగన తాడును వంక గట్టు మీదికి లాగాడు. రాయి కదిలింది.